జూన్‌లో డాక్టరు చెప్పిన మాట

లీమాలో బస్సు దిగేటప్పుడు మా నాయనమ్మ ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది. వెనక జనం తోస్తున్నా కదల్లేదు. తల పైకెత్తి చూసి, "సూర్యుణ్ణి ఎవరు ఎత్తుకుపోయారే?" అంది.

అప్పుడు మిట్టమధ్యాహ్నం. ఆకాశం గిన్నెలు కడిగిన నీళ్ళ రంగులో ఉంది. వాన పడటం లేదు. అయినా రోడ్డు తడిగా ఉంది, బస్సు అద్దాలు తడిగా ఉన్నాయి, చేత్తో తడిమితే మా ఒంటిమీద బట్టలూ చెమ్మగానే ఉన్నాయి. అది డెబ్బై మూడో సంవత్సరం, మే నెల. నాకు పన్నెండేళ్ళు.

కండక్టరు స్పానిష్‌లో ఏదో గట్టిగా అరిచాడు. నాయనమ్మకీ అమ్మకీ మా కొండల కెచువా తప్ప ఇంకో భాష రాదు. నాన్న బస్సు పైకెక్కి మూటలు దించుతున్నాడు. ఊళ్ళో మూడో తరగతి దాకా చదివి, రెండేళ్ళు టీచరమ్మగారింట్లో పనిచేసినదాన్ని కాబట్టి ఆ అరుపు నాకొక్కదానికే అర్థమైంది.

"దిగమంటున్నాడు నాయనమ్మా."

"వాడంతసేపు మాట్లాడితే నువ్వు ఒక్క ముక్కే చెప్తావేం?"

"మిగతావి తిట్లు."

"అవీ చెప్పు. బస్సుకి డబ్బులిచ్చాం కదా, తిట్లు కూడా మనవే."

తనే నవ్వుకుంటూ దిగింది. చంకలో ఉన్న చిన్న మూటలో రెండు కూయిలు, చెవులపిల్లి పిల్లల్లాంటి పెంపుడు జంతువులు, కీచుకీచుమంటున్నాయి. ఊళ్ళో వంటింట్లో పెరిగిన ఆడదీ మగదీ అవి. వాటిని వదిలి రానంటే రానని మొండికేసి, కనుమలో చలికి చచ్చిపోకుండా రెండు రోజులూ పొట్టకి ఆనించుకుని మోసుకొచ్చింది.

మమ్మల్ని తీసుకెళ్ళడానికి సెనైదా అత్త వచ్చింది. నాన్న చెల్లెలు. ఆరేళ్ళ కిందట లీమా వచ్చి, బజార్లో ఉల్లిపాయలమ్ముతోంది. జడలు లేవు. జుట్టు మెడ దాకా కత్తిరించుకుని రింగులు తిప్పించుకుంది. నాయనమ్మ కూతుర్ని కావలించుకుని, వెంటనే తల తడిమింది.

"జుట్టేమైందే?"

"జడలతో తిరిగితే ఇక్కడ నన్ను పల్లెటూరి మొద్దు అంటారమ్మా."

"నువ్వు పల్లెటూరి మొద్దువే కదే!"

అమ్మ చంటిపిల్ల ఇర్మాని వీపున కట్టుకుని కిసుక్కున నవ్వింది. బంగాళాదుంపల బస్తా భుజానికెత్తుకుంటూ నాన్న కూడా నవ్వాడు. అంత తేలిగ్గా మా ఇంట్లో అందరం కలిసి నవ్వుకోవడం నాకు జ్ఞాపకమున్నంతలో అదే ఆఖరుసారి.

ఇంకో బస్సెక్కి, అది దిగి, ఇసుక కొండ ఎక్కాం. అడుగు ముందుకేస్తే అరడుగు వెనక్కి జారుతుంది. కొండ పొడుగునా చాపల గోడల ఇళ్ళు. చెట్టు లేదు, గడ్డి పరక లేదు. అత్త ఇంటి పక్కనే మాకు చోటు పట్టి ఉంచింది. సుద్దతో గీత గీసి, నాలుగు గుంజలు పాతి ఉన్నాయి. సాయంత్రానికల్లా నాన్న, అత్త మొగుడు కలిసి చాపలు బిగించేశారు.

నాయనమ్మ గుమ్మంలో నిలబడి, మూట విప్పి మూడు కోకా ఆకులు తీసింది.

"సెనైదా, ఈ కొండ పేరేంటే?"

"దీనికి పేరు లేదమ్మా. రెండో సెక్టారంటారు."

"కొండకి పేరు లేకపోవడమేంటి? ఏ పేరు పెట్టి పిలిచి చోటివ్వమని అడగను?"

"అడగక్కర్లేదు. కమిటీవాళ్ళు ఇచ్చేశారు."

నాయనమ్మ ఆకుల మీద మెల్లగా ఊది ఇసుకలో పెట్టింది. "పేరు తెలియదు నాయనా, కోప్పడకు. తెలుసుకుని మళ్ళీ వస్తాను" అంది.

*

నాకు ఆ ఊరు మొదటిరోజే నచ్చేసింది. ఈ మాట చెప్పకపోతే తరవాతదంతా అబద్ధమవుతుంది.

అమ్మకి నీళ్ళ గురించే దిగులు. లారీ ఎప్పుడొస్తుందో, పీపా ఎప్పుడు నిండుతుందో అని. నాన్న బిల్డింగుల పనిలో చేరాడు. చీకటితో వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేవాడు, చేతులు సిమెంటుకి పగిలి. నాయనమ్మకైతే ఏదీ కుదరలేదు. దుంపలు ఆరబెడితే బూజు పట్టాయి. ఉన్ని వడికితే దారం చెమ్మకి బరువెక్కి తెగిపోయేది. "ఈ ఊరి ఆకాశానికి జలుబు చేసింది. ముక్కు కారుతూనే ఉంటుంది" అనేది.

నాకు మాత్రం అన్నీ బాగానే ఉన్నాయి. ఒక ఆదివారం అత్త మమ్మల్ని సముద్రానికి తీసుకెళ్ళింది. నాయనమ్మ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఇంత ఉప్పు! మనం రాతి ఉప్పు ముక్క కోసం రెండు రోజులు నడిచేవాళ్ళం కదే. ఇక్కడ ఊరికే పోతోంది" అని ఆశ్చర్యపోయింది. నేను ఉప్పు సంగతి ఆలోచించలేదు. అవతలి ఒడ్డు లేదు. దాని వంక ఎంతసేపు చూసినా నాకు తనివి తీరలేదు.

అన్నిటికన్నా బడి. కొండ కింద ఇటుకల బడి. సంవత్సరం మొదలై రెండు నెలలైనా అత్త హెడ్మాస్టరు దగ్గర కూర్చుని, కదలనని భీష్మించి, నన్ను నాలుగో తరగతిలో చేర్పించింది. తన పాత లంగా తిరగేసి బూడిదరంగు యూనిఫాం కుట్టించింది. ఆ బళ్ళో నాలుగు తరవాత ఐదు ఉంది, ఆరు ఉంది. మా ఊళ్ళో మూడు తరవాత గొర్రెలే.

మొదటివారం ఆడపిల్లలు నా బుగ్గల ఎరుపు చూసి "కొండముచ్చు" అని ఏడిపించారు. రెండోవారం లెక్కల్లో వాళ్ళకి రానిది నాకొచ్చింది. మూడోవారానికి నా పక్కన కూర్చోవడానికి పోటీ పడ్డారు. ఇంటికొచ్చి అదంతా నాయనమ్మకి చెప్పేదాన్ని. మేమిద్దరం ఒకే గొర్రెతోలు మీద పడుకునేవాళ్ళం. నా పాదాలు తన లంగా మడతల్లో పెట్టుకుని వెచ్చచేస్తూ, "ఇవాళ ఏం నేర్చుకున్నావు గువ్వా? చెప్పు, నేనూ నేర్చుకుంటాను" అనేది. ఒకటి నుంచి ఇరవై దాకా స్పానిష్‌లో అంకెలు నేర్చుకుంది. పదిహేనూ పదహారూ ఎప్పుడూ తారుమారు చేసేది.

ఆ అంకెలు చెప్తుండగానే నేను మొదటిసారి గమనించాను. పది దాటాక ఆగి ఊపిరి తీసుకుంటోంది.

*

జూన్ వచ్చి, అక్కడి చలికాలం మొదలయ్యేసరికి నాయనమ్మకి దగ్గు పట్టుకుంది. లోపల చెక్క చీలుతున్నట్టుండే పొడి దగ్గు. చాపల గోడలు పొద్దున్నే ముట్టుకుంటే చేయి తడిసేది. దుప్పట్లు ఆరేవి కావు.

ఒక పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే అత్త గుమ్మంలో నిలబడి అమ్మతో అంది: "వదినా, ఈ చెమ్మ పెద్దవాళ్ళకి పడదు. కింది వీధిలో ముసలాయన్ని వాళ్ళవాళ్ళు మళ్ళీ పైకే, కొండల్లో వాళ్ళ ఊరికే పంపేశారు. పోయిన వారం. ముందు డాక్టరుకి చూపించు."

"పైకి పంపాల్సొస్తే ఎవరు పోతారు? అత్తయ్య ఒక్కతీ ఉండగలదా?"

"మెలీ ఉంది కదా," అంది అత్త నావైపు చూపిస్తూ.

"అవును, ఇదే పోవాలి. ఆయనకి పని, నాకు చంటిది. ఇంకెవరున్నారు?"

"మరి బడి?"

"పైన బడి లేదా ఏంటి?"

నేను పుస్తకాల సంచి భుజానేసుకుని నిలబడే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు. అడగాలని వాళ్ళకి తోచలేదు. కొండ దిగుతుంటే కాళ్ళు ఇసుకలో కూరుకుపోయాయి. ఆ రోజు టీచరు ఏం చెప్పిందో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

మర్నాడు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాం. నాయనమ్మ, అమ్మ వీపున ఇర్మా, మాట చెప్పడానికి నేను. డాక్టరు కుర్రవాడే. దళసరి కళ్ళద్దాలు. నాయనమ్మ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. చలిగా ఉంటుందని ముందు ఆ గొట్టం తన అరచేతిలో రుద్ది వెచ్చచేశాడు. అది చూసి నాయనమ్మ, "వీడి తల్లి మంచిది" అంది.

"ఏమంటోంది?" అన్నాడు డాక్టరు.

"మీ అమ్మగారు మంచావిడ అంటోంది."

అతను నవ్వాడు. తరవాత కుర్చీ నావైపు జరుపుకుని, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు నాతో నెమ్మదిగా చెప్పాడు. ఏళ్ళ తరబడి పొయ్యి పొగ పీల్చి మీ నాయనమ్మ ఊపిరితిత్తులు ఎండిపోయాయి. రోజుకి మూడుసార్లు ఈ మందు పట్టండి. చలిగాలి తగలనివ్వకండి. అయితే మందు ముఖ్యం కాదు. ఈ చలికాలం లీమాలో ఉంటే ఈవిడ నిలవదు. పొడి గాలి కావాలి, ఎండ కావాలి. డబ్బున్నవాళ్ళు ఈ జబ్బుకి ఇక్కణ్ణించి కొండలకి పోతారు. మీది కొండలే కదా. ఈ నెలలోపల పైకి తీసుకెళ్ళండి. ఇంకా ఆలస్యమైతే ప్రయాణం కూడా తట్టుకోలేదు.

"అర్థమైందా పాపా?"

"అయింది సార్."

"అయితే మీ అమ్మకి చెప్పు."

నేను వాళ్ళ వైపు తిరిగాను. అమ్మా నాయనమ్మా ఇద్దరూ నా నోటికేసే చూస్తున్నారు. 

చెప్పాను. పొగకి ఊపిరితిత్తులు ఎండిపోయాయట అని చెప్పాను. మందు రోజుకి మూడుసార్లు అని చెప్పాను. చలిగాలి తగలకూడదని చెప్పాను. అంతవరకు ఒక్క అక్షరం మార్చలేదు.

"అంతేనా?" అంది అమ్మ.

"అంతే. ఎండలొస్తే తగ్గుతుందట."

డాక్టరు అమ్మని చూసి, సరేనా అన్నట్టు తలూపాడు. అమ్మ కూడా సరేనని తలూపింది. నాయనమ్మ లేచి అతని చేయి రెండు చేతుల్తో పట్టుకుని నుదుటికి ఆనించుకుంది.

బయటికొచ్చాక అమ్మ మొహం తేలికపడింది. "హమ్మయ్య, పైకి పంపమంటాడేమోనని గుండెలు దడదడలాడాయే" అంది. గేటు దగ్గర బండివాడి దగ్గర నాయనమ్మకి వేడివేడి కషాయం కొనిచ్చింది. నాయనమ్మ రెండు గుక్కలు తాగి గ్లాసు నాకిచ్చింది.

"తాగు గువ్వా. పాపం, మాటలు మోసి నోరెండిపోయి ఉంటుంది."

తాగాను. 

*

ఆ తరవాత నాయనమ్మని నేను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేదు. పొద్దున్నే అందరికన్నా ముందు లేచి నీళ్ళు కాచేదాన్ని. మందు ఒక్క పూట తప్పలేదు. మధ్యాహ్నం మందు కోసం బడి విరామంలో కొండెక్కి వచ్చి, పట్టి, మళ్ళీ పరుగెత్తేదాన్ని. అట్టముక్కలు ఏరుకొచ్చి చాపల సందుల్లో కుక్కాను. యూకలిప్టస్ ఆకులు మరిగించి ఆవిరి పట్టాను. తప్పు చేసినవాళ్ళ శ్రద్ధే వేరు. అది నాకప్పుడు తెలియదు. చూసుకుంటే చాలు, తగ్గిపోతుంది, చెప్పనిది చెప్పనట్టే పోతుంది అనుకున్నాను.

"నా కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత చెయ్యలేదే" అనేది నాయనమ్మ. అమ్మ ఆ మాట అత్తకి చెప్పేది, అత్త బజారంతా చెప్పేది.

జూన్ నెల వెళ్ళిపోయింది. చివరి రోజున నేను కేలెండరు వంక చూడకుండా బడికి వెళ్ళాను. 

జులైలో జాతీయ పండక్కి కొండ మీద ప్రతి ఇంటికీ జెండా కట్టారు. చెమ్మకి తడిసి అన్నీ వేలాడుతున్నాయి. బడి ఊరేగింపులో నేను ముందు వరసలో నడిచాను. నాయనమ్మ చూడాలని పట్టుబట్టి కొండ దిగి వచ్చింది. ఆ దిగడానికే గంట పట్టిందట. జనంలోంచి, "అదిగో నా గువ్వ! ముందున్నదే, అదే!" అని కెచువాలో అరిచి, ఆ అరుపుకే దగ్గు తెరలు కమ్ముకుని రోడ్డు పక్కన కూలబడింది. నేను వరసలోంచి బయటికి రాలేదు. డప్పుకి తగ్గట్టు కాళ్ళు వేస్తూ ముందుకి పోయాను. ఎదురుగా టీచరు చప్పట్లు కొడుతోంది.

ఆగస్టు మొదటివారంలో నాయనమ్మ ఒకరోజు లేచి కూర్చుని మూట కట్టుకోవడం మొదలెట్టింది.

"ఎక్కడికత్తయ్యా?" అంది అమ్మ.

"ఊరికి. ఆగస్టులో నేల నోరు తెరుస్తుంది. దానికి కోకా ఆకులు, చిచా కల్లు పెట్టేవాళ్ళెవరున్నారు మనింట్లో? పెట్టేసి వచ్చేస్తాను. నాలుగు రోజులు."

అమ్మ నావైపు తిరిగింది. "మెలీ, ప్రయాణం గురించి డాక్టరు ఏమైనా అన్నాడా? పోవచ్చా, పోకూడదా?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మరిచిపోయాను, ఇప్పుడే గుర్తొచ్చింది అంటే సరిపోయేది. పన్నెండేళ్ళ పిల్ల మరిచిపోయిందంటే ఎవరు కాదంటారు? ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ పై వారం నుంచి అర్ధ సంవత్సరం పరీక్షలు.

"పోకూడదన్నాడు," అన్నాను. "చలి కదా, కనుమ దాటొద్దన్నాడు."

జూన్‌లో మాట దాచాను. ఆగస్టులో అబద్ధమే ఆడాను. నాయనమ్మ మూట విప్పేసింది. "డాక్టరు చెప్తే సరే. వాడు మంచివాడు" అంది.

*

సెప్టెంబరులో ఒక సోమవారం నాన్న పనిచేసే చోట సిమెంటు రాలేదు. లీమా వచ్చాక, ఆదివారాలు కాక, ఆయన పగటిపూట ఇంట్లో ఉన్నది అదే మొదటిసారి. వెలుగులో తన తల్లిని చూశాడు. ఆదివారాలు చూస్తూనే ఉన్నాడు కానీ, ఆ రోజు నిజంగా చూశాడు. ఆమె పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

వంగి ఆమెని వీపుకెత్తుకున్నాడు. అమ్మ శాలువాతో గట్టిగా కట్టింది. "మెలీ, నువ్వూ రా" అన్నాడు.

కొండ దిగుతున్నంతసేపూ నాయనమ్మ వేళాకోళమాడుతూనే ఉంది, మాట మాటకీ ఆగి. "నిన్ను నేను... ఇట్లాగే మోసాను రా నెమెసియో... ఇంత బరువు లేవు నువ్వు."

ఆరోగ్య కేంద్రంలో అదే డాక్టరు. నాయనమ్మని చూసి లేచి నిలబడ్డాడు. ఆ తరవాత నన్ను చూశాడు. గుర్తుపట్టాడు.

"నేను జూన్‌లోనే చెప్పాను కదా పాపా! కొండలకి తీసుకెళ్ళమని చెప్పలేదూ?"

నాన్నకి స్పానిష్ రాదనుకుని డాక్టరు నాతోనే అన్నాడు. కానీ నాన్న కుర్రతనంలో నాలుగేళ్ళు గనిలో పనిచేశాడు. మాట్లాడితే తడబడేవాడు గానీ, వింటే అంతా అర్థమయ్యేది. ఆయన తల నావైపు తిరిగింది. నేను నేల చూశాను. నేల మీద గచ్చు పగిలి, పగులులో మందు సీసా మూత ఇరుక్కుని ఉంది. 

డాక్టరు ఈసారి నాన్నతోనే మాట్లాడాడు, గొంతు పెంచి. "నువ్వు కొడుకువా? ఏం మనుషులయ్యా మీరు? ఈ నెలలోపల అని చెప్పాను. మూడు నెలలు ఏం చేస్తున్నారు? ఇప్పుడు తీసుకొచ్చి నా ముందు పెడితే నేనేం చెయ్యను? ఇప్పుడు ఈవిడ కనుమ దాటే స్థితిలో లేదు. పంపడానికి కూడా లేదు."

నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అవును డాక్టరుగారూ," అన్నాడు తన విరిగిన స్పానిష్‌లో. "చెప్పారు. పని వల్ల... కుదరలేదు. తప్పు నాదే."

డాక్టరు తల అటూ ఇటూ ఆడించి, చీటీ రాసి, కొత్త మందు సీసా నా చేతికిచ్చాడు.

తిరిగి కొండెక్కుతుంటే సగం దూరంలో నాన్న ఊపిరి కోసం ఆగాడు. వీపు మీద నుంచి నాయనమ్మ అడిగింది: "ఏమన్నాడు రా? అరిచాడు కదా?"

నాన్న నావైపు చూడకుండానే, "నువ్వు చెప్పు. మాట చెప్పేదానివి నువ్వే కదా" అన్నాడు.

ఇసుకలో నిలబడి, సీసా రెండు చేతుల్తో పట్టుకుని, "మందు మార్చాడు నాయనమ్మా" అన్నాను. "ఇది ఇంకా మంచిదట."

"అదీ!" అంది నాయనమ్మ. "దానికంత అరవాలా?"

నాన్న మళ్ళీ ఎక్కడం మొదలెట్టాడు. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, చిన్నగా, "మీ అమ్మకి చెప్పకు" అన్నాడు. అంతే. ఎందుకు చేశావని అడగలేదు. ఆ రోజు అడగలేదు, తరవాతా అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. నాలుగో తరగతి కోసం నాన్నా అని.

*

అక్టోబరు మూడోవారంలో, ఒక ఉదయం, నేను పట్టిన గ్లాసులోంచి ఒక గుక్క తాగి, రెండో గుక్క మింగకుండానే నాయనమ్మ పోయింది. నీళ్ళు పెదవి చివర నుంచి కారి నా మణికట్టు మీద పడ్డాయి. అంత చప్పుడు లేకుండా పోతారని నాకు తెలియదు. కాసేపు గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

కొండ వెనక శ్మశానంలో ఇసుకలోనే పూడ్చారు.

ఐదో రోజున పోయినవాళ్ళ బట్టలు ఏటికి తీసుకెళ్ళి ఉతకాలి. మా ఊళ్ళో అయితే ఇంటి కిందే ఏరు. ఇక్కడ బస్సెక్కి చియోన్ నదికి వెళ్ళాం. మా జిల్లా నుంచి వచ్చినవాళ్ళు ఇరవైమంది దాకా పోగయ్యారు. సీసాలో సారా, సంచిలో కోకా, ఉడకబెట్టిన మొక్కజొన్న. అత్త అక్టోబరు నెలంతా దేవుడి మొక్కుకి వేసుకునే ఊదారంగు గౌను మీద నల్ల శాలువా కప్పుకుని, అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. మరణం కాగితం కోసం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అట్నుంచటే వచ్చింది.

అప్పటికి ఆడవాళ్ళు నీళ్ళలో దిగి నాయనమ్మ లంగాలు రాళ్ళ మీద బాదుతున్నారు. ఒకావిడ నా తల నిమిరి, "అంతా ఈ పిల్లే చేసిందట కదా సబీనా" అంది.

"అవును," అంది అమ్మ ఏడుస్తూనే. "డాక్టరు మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. ఇది లేకపోతే మేం చెవిటివాళ్ళం, మూగవాళ్ళం."

"డాక్టరు మాటలా?" అంది అత్త ఒడ్డు మీద నుంచి. "ఏ మాటలు వదినా? జూన్‌లోనే కొండలకి పంపమన్నాడట మా అమ్మని! నెల గడువు పెట్టాడట! నర్సు నా మొహం మీద చెప్పింది, ఉమ్మేసినంత పని చేసింది. ఎవరికి చెప్పాడు ఆ మాట? జూన్‌లో వెళ్ళిందెవరు?"

బట్టల చప్పుడు ఆగిపోయింది. నది చప్పుడొక్కటే. అమ్మ మెల్లగా నావైపు తిరిగింది. ఆ మొహంలో ఇంకా కోపం లేదు. అర్థం కాకపోవడమే ఉంది.

"మెలీ?" అంది.

నేను నోరు తెరిచాను. నిజంగానే చెప్పబోయాను. ఇన్నేళ్ళుగా నాకు నేను అలాగే చెప్పుకుంటూ వస్తున్నాను, నిజమే చెప్పబోయానని.

"పిల్ల నాకు చెప్పింది," అన్నాడు నాన్న.

మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. 

"ఆ రాత్రే వచ్చి చెప్పింది. ఉన్నదున్నట్టు చెప్పింది. కొండలకి తీసుకెళ్ళాలంటే పని మానాలి. మానితే మళ్ళీ దొరకదు. నేనే నోరు మూసుకోమన్నాను. వాళ్ళమ్మకి కూడా చెప్పొద్దన్నాను. భయపెట్టాను."

అత్త ఒడ్డు దిగి, ఊదా గౌను తడుస్తున్నా చూసుకోకుండా అన్నగారి ముందుకి నడిచింది.

"నీ తల్లి కంటే సిమెంటు బస్తాలు ఎక్కువయ్యాయా అన్నా నీకు?"

"అయ్యాయి," అన్నాడు నాన్న.

చెంప మీద కొట్టింది. ఇరవైమంది ముందు. నాన్న చేయి కూడా అడ్డుపెట్టుకోలేదు. అమ్మ వచ్చి నన్ను దగ్గరికి లాక్కుని, "నా తల్లే, ఇంత మాట కడుపులో పెట్టుకుని ఎట్లా తిరిగావే" అని నా తల తన రొమ్ముకి అదుముకుంది. ఆమె బట్టలు పాలవాసనా నదివాసనా వేశాయి. నేను ఏడ్చాను. అందరూ పాపం పిల్ల అనుకున్నారు.

అత్త తొమ్మిదేళ్ళు మా గడప తొక్కలేదు. అమ్మ నాన్నతో కాపురం చేసింది, వండిపెట్టింది, మరో ఇద్దర్ని కన్నది. కానీ చిన్న గొడవ వచ్చినా, కూరలో ఉప్పు ఎక్కువైందని అన్నా సరే, "కన్నతల్లిని చంపుకున్నవాడివి, నువ్వా నాకు చెప్పేది" అనేది. నాన్న లేచి బయటికెళ్ళిపోయేవాడు. గోడ ఇటుకలదైంది, కొళాయి వచ్చింది, నేను ఆరు దాటి హైస్కూలు, హైస్కూలు దాటి టీచరు ట్రైనింగు చదివాను. ఆ మాట మాత్రం మా ఇంట్లో పాతబడలేదు. ప్రతిసారీ నేను పక్కగదిలో ఉండేదాన్ని. ప్రతిసారీ విన్నాను. నాన్న పోయి పదకొండేళ్ళయింది. అమ్మకి ఇప్పుడు ఎనభై నాలుగు. ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్తే ఆమెకి నాయనమ్మ పోయిన దుఃఖం ఒక్కటే కాదు, మొగుణ్ణి ముప్పై ఎనిమిదేళ్ళు అన్న మాటలు కూడా మిగులుతాయి. చెప్పకపోవడానికి నాకెప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరుకుతుంది.

ఆ రోజు నది దగ్గర అత్త వెళ్ళిపోయాక, జనం కొంచెం కొంచెంగా పలచబడ్డాక, నాయనమ్మ పెద్ద శాలువా ఒక్కటి మిగిలింది. మందపు ఉన్నిది. నీళ్ళు పీల్చుకుని ఒక మనిషి ఎత్తలేనంత బరువైంది. నాన్న ఒక కొస పట్టుకుని చుట్టూ చూశాడు. దగ్గర్లో నేనే ఉన్నాను. రెండో కొస నాకందించాడు.

ఇద్దరం ఎదురెదురుగా నిలబడి చెరోవైపు మెలితిప్పాం. ఆయన చెంప మీద అత్త వేళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. నీళ్ళు ముందు ధారగా, తరవాత చుక్కలుగా కారాయి. నా చేతులు నొప్పెట్టి పట్టు జారబోయింది.

"గట్టిగా పట్టుకో," అన్నాడు నాన్న. "ఇంకా ఉన్నాయి."